దేనికైనా సరిపోయే ఊఁ

మా తమ్ముణ్ణి చిన్నప్పటి నుంచీ ఇంట్లో అందరం రేడియో అనే పిలిచేవాళ్లం. నిద్రలో తప్ప నోరు మూసేవాడు కాదు. ఉద్యోగం కూడా వాడికి మాటల్లోనే దొరికింది. మనిషి మెషీన్‌తో ఎలా మాట్లాడాలి, మెషీన్ మనిషికి ఎలా బదులివ్వాలి, ఏ బటన్ ఎక్కడుండాలి, పొరపాటున నొక్కితే ఏం కావాలి, ఇవన్నీ ఆలోచించి నమూనాలు తయారుచేయడం వాడి పని. "బటన్లు పెట్టినందుకు కూడా జీతమిస్తారట్రా?" అని నేను ఆటపట్టిస్తే, "నువ్వు కనుబొమలు పీకినందుకు తీసుకోవట్లేదా?" అనేవాడు. నాది బ్యూటీ పార్లర్ లెండి.

ఆ రేడియోకే నరాల జబ్బు వచ్చింది. ఒంట్లో కండరాలు ఒక్కొక్కటే చెప్పిన మాట వినడం మానేస్తాయి, బుర్ర మాత్రం భేషుగ్గా ఉంటుంది. ఇలాంటిది పగవాడికి కూడా రాకూడదని అందరూ అన్నారు. నేను అనను. వాడికి రాకుండా ఏ పగవాడికి వచ్చినా నాకు సమ్మతమే.

మాట ముద్దగా రావడం మొదలయ్యాక వాడు ఏడవలేదు. అట్టపెట్టె ఒకటి కోసి, దాని మీద స్కెచ్ పెన్నుతో గళ్లు గీసి, గడికొక మాట రాయమని నా ముందు పడేశాడు. నీళ్లు, నొప్పి, దిండు, ఫ్యాను, ఛీ పో, నవ్వు.

"నవ్వు ఎందుకురా? నవ్వొస్తే నవ్వుతావు."

"ఎన్నాళ్లు?" అన్నాడు. నేను రాసేశాను.

అసలు మెషీన్ తయారయ్యేలోగా మెషీన్ స్థానంలో మనిషిని కూర్చోబెట్టి చూస్తారట వాళ్ల పనిలో. ఆ మనిషిని నేనే. వాడు గడి మీద వేలు పెడతాడు, నేను ఆ మాట పైకి చదవాలి. మూడోసారి నీళ్లు అన్న గడి నొక్కేసరికి, "ఇప్పుడే కదరా తాగావు!" అన్నాను.

"అక్కా, మెషీన్ ఎదురు చెప్పకూడదు."

"అయితే మెషీన్‌నే పెట్టుకో, నన్నెందుకు పెట్టావు?"

పడీ పడీ నవ్వాడు. అప్పటికి వాడి నవ్వు ఇంకా వాడి దగ్గరే ఉంది. మర్నాడు మా ఇద్దరి మధ్య దుప్పటి కట్టించాడు. నేను వాడి మొహం చూసి, ఆ మాటను ఎలా అనాలో అలా అంటున్నానట. కోపంగా నొక్కితే కోపంగా, గోముగా నొక్కితే గోముగా. "నువ్వు మరీ బాగా చేస్తున్నావు, అందుకే పనికిరావు. మెషీన్ మొహం చూడదు కదా," అన్నాడు. దుప్పటి అవతల కూర్చుని, వేలు అట్ట మీద తట్టిన చప్పుడు విని, గడి నంబరు వాళ్ల ఆఫీసు ఇంజనీరమ్మాయి చెబితే, ఏ రాగమూ లేకుండా మాటలు చదివాను. నాకు ఒళ్లు మండిపోయింది. వాడు మాత్రం ఇదీ కావలసింది అన్నాడు.

వాడి గొంతు పూర్తిగా పోకముందే ఆ అమ్మాయి మాటలన్నీ వాడి చేతే చెప్పించి రికార్డు చేసింది. ఒక్క ఊఁ మాత్రం రకరకాలుగా అన్నాడు. అవునని అనే ఊఁ, తర్వాత చెప్పు అనే ఊఁ, నువ్వు చెప్పినట్టే జరిగిందిలే అనే వెటకారపు ఊఁ, వింటున్నానని పెళ్లాన్ని నమ్మించే ఊఁ. ఆ చివరిది విని మా మరదలు దిండు విసిరింది.

తర్వాతంతా తీసివేతే. అట్ట పోయి తెర వచ్చింది. వేళ్లు పోయాక కళ్లతో మాటల గళ్లూ, తెర మీదే ఇంకో పేజీలో అక్షరాలూ ఏరుకున్నాడు. చూపు ఎక్కువసేపు నిలవకపోతే గళ్లు పెద్దవి చేశారు, పెద్దవి చేస్తే కొన్ని తీసేయాలి. ఛీ పో తీసేశారు. ఫ్యాను తీసేశారు. ప్రతిసారీ ఏది పోవాలో వాడే చెప్పేవాడు, ఇంకెవరికో చేసిపెడుతున్నంత శ్రద్ధగా. నవ్వు తీసేయమన్న రోజు మరదలు వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను కదలకుండా కూర్చున్నాను, కానీ ఏమీ చూడలేదు.

కళ్లతో అక్షరాలు ఏరుకోగలిగిన ఆఖరి రోజుల్లోనే ఊపిరి గొట్టం మాట వచ్చింది. ఒకరోజు ఊపిరి చాలదు, అప్పుడు మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టాలా వద్దా అని ముందే చెప్పమన్నారు ఆసుపత్రివాళ్లు. వాడు చెప్పలేదు. ఒక సాయంత్రమంతా కూర్చుని ఏరిన అక్షరాలు ఇవి: "ముందే అడిగితే జనం ఏదో ఒకటి చెప్తారు. నా పనిలో అది చూసీ చూసీ విసిగాను. అప్పుడు అడగండి. అప్పటి నన్ను."

మరదలు నా వైపు చూసింది. "అప్పటికి ఎలా చెప్తాడు వదినా?" అంది మెల్లగా. వాడికి వినబడింది. దానికి కూడా వాడి దగ్గర ఆలోచన ఉంది.

కనురెప్పలు వాలిపోయాక మిగిలింది ఎడమ చెంప. ఇంజనీరమ్మాయి దాని మీద చిన్న బిళ్ల అంటించింది. చెంప కదిలితే దిండు పక్కనున్న స్పీకరు వాడి గొంతుతో ఒక్క మాట అంటుంది. అంతే, ఒక్క మాట. రెండుసార్లు కదిలిస్తే కాదు అని పెట్టి చూశారు గానీ, ఒక్కసారి కదిలించడానికే వాడికి తాతలు దిగొచ్చేవారు. కాబట్టి అవునంటే మాట, కాదంటే మౌనం. ఆ ఒక్క మాట ఏదో, ఏ రాగంలోదో వాడు ముందే ఎంచి పెట్టాడు. అంత వెటకారమూ కాదు, అంత గోమూ కాదు, మధ్యస్థంగా ఉన్న ఒక ఊఁ. "ఒక్కటే ఉన్నప్పుడు దేనికైనా సరిపోవాలి," అని కళ్లు పనిచేస్తున్నప్పుడే అక్షరాలు ఏరి చెప్పాడు. వాడు చేసినవాటిలో అన్నిటికంటే చిన్న నమూనా అదే. అందరం భలే ఉందన్నాం.

నిజంగానే భలేగా ఉండేది. రోజూ మధ్యాహ్నం పార్లర్ మూసి వాడి దగ్గర కూర్చుని, పొద్దున్నుంచి విన్న కబుర్లన్నీ చెప్పేదాన్ని. వాడు ఊఁ కొట్టేవాడు. చెంప కదలడానికి చాలాసేపు పట్టేది. నేను ఒక మాట చెప్పి, ఆగి, లెక్కపెట్టకుండానే ఎంతసేపు ఆగాలో నేర్చుకున్నాను. ఆగకపోతే వాడి ఊఁ ముందు మాటకు బయల్దేరి తర్వాతి మాట మీద వచ్చి పడేది. ఒకసారి, "ఆవిడ మొగుడు పోయాడ్రా," అన్నాక ఊఁ రాలేదు. "మంచి చీర కట్టుకొచ్చింది," అనగానే వచ్చింది. దేనికన్నాడో నాకు తెలుసు.

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆసుపత్రిలో పెట్టిన రోజున కూడా, వెంట తెచ్చిన స్పీకరు దిండు పక్కన పెట్టి కబుర్లే చెబుతున్నాను. మరదలు కిటికీ దగ్గర నిలబడి ఫోనులో ఆఫీసుకు సెలవు చెబుతోంది. నాది డోర్‌మ్యాట్ కథ. మా పార్లర్‌కి వచ్చే ఒకావిడ ఇంటి ముందు డోర్‌మ్యాట్ వారం వారం మాయమవుతోంది. కొత్తది కొంటుంది, అదీ పోతుంది. పక్కింటివాళ్లతో మాటలు మానేసింది, పై ఇంటివాళ్ల మీద అరిచింది. చివరికి ఒకరోజు ఊరెళ్తున్నానని అందరికీ చెప్పి, తలుపు వెనకాల దాక్కుని కూర్చుంది.

"బయట అడుగుల చప్పుడైందట. ఈవిడ ఊపిరి బిగబట్టి గభాల్న తలుపు తీసేసరికి..." అని ఆగాను. మంచిచోట ఆపడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

అప్పుడే ఊపిరితిత్తుల డాక్టరమ్మ వచ్చింది. మంచావిడ. మిగతావాళ్లలా వాడి తల మీదుగా మాతో మాట్లాడలేదు. కుర్చీ లాక్కుని వాడి పక్కనే కూర్చుంది.

"మీకు అంతా వినిపిస్తుందని తెలుసు. మీ ఊపిరి మీకు చాలట్లేదు. గొట్టం పెడితే చాలా ఏళ్లు ఉండొచ్చు, కానీ ఇలాగే ఉంటారు. వద్దంటే బాధ తెలియకుండా మేం చూసుకుంటాం. ఇప్పుడే తేల్చుకోవాలి. గొట్టం పెట్టమంటారా?"

"ఊఁ," అంది స్పీకరు.

ఆవిడ నోట్లో మాట ఇంకా పూర్తి కానేలేదు.

మరదలు ఫోను వదిలేసి వచ్చి వాడి కాళ్లు పట్టుకుంది. "విన్నారు కదా! ఊఁ అన్నాడు. ఉంటానన్నాడు!" ఏడుస్తోంది, నవ్వుతోంది.

"ఆగండమ్మా," అన్నాను. "వాడికి అంత తొందరగా రాదు. అది మీరడిగిందానికి కాదు."

"మరి దేనికి?" అంది డాక్టరమ్మ.

ఏమని చెప్పను? డోర్‌మ్యాట్‌కని చెప్పనా? "మళ్లీ అడగండి. అడిగి చాలాసేపు ఆగండి," అన్నాను.

ఆవిడ మళ్లీ అడిగింది. ఆగింది కూడా, పాపం. నేనైతే వాడి చెంప మీదే కళ్లు పెట్టుకుని, నాకు తెలిసినంతసేపూ, ఇంకా పైన కూడా ఆగాను. ఏమీ రాలేదు. కాదనా? అలిసిపోయాడా? వినబడలేదా? తల దగ్గరున్న పెట్టెలో ఆక్సిజన్ అంకె పడిపోతూ ఉంది, అది కూయడం మొదలుపెట్టింది.

"వదినా, నీకు దండం పెడతాను," అంది మరదలు. "ఒకసారి చెప్పాడుగా. ఎన్నిసార్లు చెప్పించాలి?"

దాని మొహం చూశాను. వాడి మొహం చూశాను, అందులో చదవడానికేమీ లేదు. నాకు మాత్రం వాడు పోవాలనుందా? నోరు మూసుకున్నాను. మంచాన్ని తోసుకుపోయారు.

గొట్టం పెట్టి ఇంటికి పంపారు. ఇప్పుడు వాడి గదిలో ఒక పెట్టె రాత్రీ పగలూ వాడి బదులు ఊపిరి పీల్చి వదులుతుంది. చెంప ఇంకా పని చేస్తోంది. మరదలు, "పాట పెట్టనా?" అంటుంది, ఊఁ అంటాడు. "కర్టెన్ తీయనా?" అంటుంది, ఊఁ అంటాడు. దాని మొహం వెలిగిపోతుంది. నాకు చూడబుద్ధి కాదు. డాక్టరమ్మ అడగాల్సినట్టే అడిగింది. ఇంజనీరమ్మాయి వాడు చెప్పినట్టే చేసింది. మరదలు మొగుణ్ణి బతికించుకుంది. తిట్టడానికి నాకు ఒక్క మనిషి కూడా దొరకలేదు, అన్నిటికంటే అదే కష్టంగా ఉంది.

నిన్న మరదలు పనికి వెళ్లాక, వాడి పక్కన కూర్చున్నాను. రేడియో అని పిలిచి చాలా రోజులైంది. పిలవబుద్ధి కాలేదు.

"ఒరేయ్, ఆ రోజు నువ్వు గొట్టం పెట్టమనే ఊఁ అన్నావా?"

ఆగాను. పెట్టె ఊపిరి పీల్చింది, వదిలింది. చెంప కదిలింది.

"ఊఁ."

నా గుండె మీద నుంచి ఎంత బరువు దిగిందో చెప్పలేను. అక్కడితో లేచి వెళ్లిపోవాల్సింది. కానీ వాడి అక్కని కదా, వాడి దగ్గరే నేర్చుకున్నాను. ఒక నమూనా పనిచేస్తుందని తేలాలంటే తిప్పి కూడా అడగాలట.

"లేకపోతే, కథ చెప్పమని అన్నావా? గొట్టం వద్దనుకున్నావా?"

ఆగాను. ఈసారి రాకూడదని వాడి చెంపకి దండం పెట్టుకున్నాను.

"ఊఁ."

అదే గొంతు, అదే రాగం. మధ్యస్థంగా, దేనికైనా సరిపోయేట్టు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. వాడు వింటూనే ఉంటాడు, వినక ఏం చేస్తాడు. మెషీన్‌గా నన్నే ఉంచుకుని ఉంటే, దుప్పటి కట్టకుండా నన్ను వాడి మొహం చూడనిచ్చి ఉంటే అనిపించింది. కానీ ఆ మొహం కూడా ఎప్పుడో పోయింది కదా.

కళ్లు తుడుచుకుని, ఆ రోజు ఆపినచోటు నుంచి మొదలుపెట్టాను.

"గభాల్న తలుపు తీసేసరికి, ఎదురుగా ఎవరనుకున్నావు? వాళ్లాయనే! చంకలో డోర్‌మ్యాట్‌తో. ఆయనకి ఆ రంగులు నచ్చవట, చెప్పే ధైర్యం లేక ప్రతి వారం తీసుకెళ్లి పారేస్తున్నాడట."

వాడు పడీ పడీ నవ్వాల్సిన కథ. నవ్వుకి గడి లేదు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆగాల్సినంతసేపు ఆగాను.

"ఊఁ," అంది స్పీకరు.

"అంతేరా," అన్నాను. "అయిపోయింది."

పెట్టె ఊపిరి పీల్చింది, వదిలింది. కాసేపటికి స్పీకరు మళ్లీ ఊఁ అంది.