మంగళం లేని నాటకం

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, పత్తికొండ హైస్కూలు వార్షికోత్సవానికి నేనొక నాటకం రాశాను. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునేవాడికి నాటకాలెందుకని మా ఆవిడ అంది. వినలేదు. ఒక ఇంగ్లీషు పత్రికలో డిస్టోపియన్ అనే మాట కంటబడినప్పటి నుంచి నాకు కుదురు లేదు. రాబోయే కాలం ఎంత చెడ్డగా ఉండవచ్చునో ఊహించి, మనిషిని ముందే మేలుకొలిపే రచనకు ఆ మాట వాడతారు. తెలుగులో అలాంటిది నేనే రాయాలనుకున్నాను.

నా నాటకంలోది నూరేళ్ల తర్వాతి దేశం. అక్కడ బావులన్నిటికీ తాళాలు. నీళ్లు కావాలంటే దొర ముందు నిలబడి, తనకు దాహం లేదని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాడికి, దాహం లేదు కదా అని ఇవ్వరు. ఒప్పుకోనివాడికి, ఎదురు మాట్లాడాడని ఇవ్వరు. చివరి రంగంలో జనం ఖాళీ కుండలతో నిలబడి ఉండగా తెర పడుతుంది.

డిస్టోపియన్ అన్న మాటకు అర్థం ఒక్కరి తలకైనా ఎక్కితే ఒట్టు. హెడ్మాస్టరు శేషన్నగారికి నోరు మాత్రం బాగా తిరిగింది. కాఫీ చల్లారినా డిస్టోపియనే, కిటికీ రెక్క ఊడినా డిస్టోపియనే. "అది ఊహించిన లోకానికి వాడే మాట సార్, కాఫీకి వాడరు" అన్నాను. "ఈ కాఫీ తాగి చూడప్పా, నువ్వే వాడతావు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

అంతకంటే పెద్ద తంటా రసూల్ సాహెబ్‌తో వచ్చింది. ఆయన బట్టలు కుట్టే మనిషి. ఊళ్లో ఏ నాటకానికైనా హార్మోనియం ఆయనదే, చివర మంగళహారతి పాటా ఆయనదే. నా నాటకంలో దొర వేషం కూడా ఆయనకే ఇచ్చాను. మా వైపు మంగళం పాడనిదే ఆట ముగిసినట్టు కాదు. యుద్ధంలో చచ్చినవాళ్లు కూడా లేచి, దుమ్ము దులుపుకుని, చంపినవాడి పక్కనే నిలబడి మంగళం పాడతారు.

"మంగళం లేదా?" అన్నాడాయన చివరి కాగితం చూసి. "మరి జనం ఎట్లా లేచి పోతారు సార్?"

"మంగళం పాడితే ఇది డిస్టోపియన్ కాదు, రసూల్ సాహెబ్. కుండలు ఖాళీగా ఉంటే హారతేంది? జనం భయపడి ఇంటికి పోవాల."

"భయపెట్టి పంపేది శానా కీడు సార్."

"ఎన్నిసార్లు చెప్పాల? ఇది జరిగింది కాదు. జరగగూడదని చెప్పేది."

ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. ఒప్పుకుని కాదు, నాతో వాదించలేక.

పొద్దు గూకకముందే ఆట మొదలైంది. మొదట్లో జనం నవ్వారు. తాళాల రంగం వచ్చేసరికి నవ్వు ఆగింది. మొన్నటి కరువులో గంజి కోసం వరసలో నిలబడినవాళ్లే వాళ్లంతా. రాసేటప్పుడు ఆ సంగతి నాకు తట్టనే లేదు. నా దేశం నూరేళ్ల అవతల ఉందనే అనుకున్నాను.

తెర పడింది. ఎవరూ లేవలేదు.

చప్పట్ల కోసం చూశాను. అవీ లేవు. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. ముందుకు వచ్చి, "అయిపోయింది, ఇండ్లకు పొండి" అన్నాను.

ముందు వరసలో ఓబులమ్మ ఉంది, బడి దగ్గర చెనక్కాయలు అమ్మే ముసలామె. "మంగళం కాలేదు కదా సారూ" అంది.

"ఇందులో మంగళం లేదమ్మా."

"అయితే ఆట కాలేదు."

నాకు ఏడుపొక్కటే తక్కువ. నా జన్మకు రాసింది ఒకే ఒక్క నాటకం, అందులో నేను గట్టిగా పట్టుకున్నది ఆ ముగింపు ఒక్కటే. అదీ లాక్కుంటున్నారు. విసురుగా తెర వెనక్కి పోయి, "పాడండి రసూల్ సాహెబ్, మీ మంగళమే పాడండి" అన్నాను.

ఆయన దొర తలపాగా తీసి హార్మోనియం ముందు కూర్చున్నాడు. తెర లేపారు. కుండలు పట్టుకున్న వేషగాళ్లు ఇంకా వరసలోనే ఉన్నారు. ఆయన శ్రుతి పట్టి వాళ్ల వైపు చూశాడు. పెదవులు కదిలాయి గానీ పాట రాలేదు. మళ్లీ శ్రుతి పట్టి, ఆపేశాడు.

"నాతో కాదు సార్. వాళ్లు ఇంగా నిలబడే ఉండారు."

నా ముగింపు నాకు దక్కింది. నేను కోరిన భయం అక్కడ అందరి ముఖాల్లోనూ ఉంది. కానీ జనం కదలడం లేదు.

"రాసింది మీరే కదా సారూ" అంది ఓబులమ్మ. "తర్వాత ఏమైతాదో మీకు తెలిసే ఉంటాది. వాళ్లకు నీళ్లు ఎవురిస్తారు?"

డిస్టోపియన్ అంటే ఏమిటో చెప్పడానికి ఉపన్యాసం ఒకటి రాసి జేబులో పెట్టుకుని వచ్చినవాణ్ణి. ఆ కాగితం తీసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాను. చీకటి పడింది. వాళ్లు నా వైపు చూస్తూ కూర్చునే ఉన్నారు.