లెక్కలో ఉన్న వేలు

సాయంత్రం ఆరయ్యేసరికి వంటింటి గుమ్మంలో లెక్క జరగాల్సిందే. మేస్త్రి, ఆయన కూతురు షెడ్డులోంచి చెక్కపొట్టు దులుపుకుంటూ వచ్చి చేతులు చాపుతారు. ఇంటావిడ ముందు కూతురి వేళ్లు ఒక్కోటీ పట్టుకుని లెక్కపెడుతుంది. పది. తర్వాత మొగుడివి. ఆయన ఎడమచేతి చూపుడువేలు ఏడేళ్ల కిందటే చెక్క తొలిచే గ్రైండరుకి తెగిపోయింది. అయినా ఆవిడ లెక్క పదే వస్తుంది. బొటనవేలి పక్కనున్న ఖాళీని కూడా పట్టుకుని, "ఇంత చల్లగా ఉందేంటి, మళ్లీ చన్నీళ్లలో నానబెట్టారా?" అని కసురుకుంటుంది కూడాను.

ఎందుకంటే ఆ వేలు తెగింది గానీ ఎక్కడికీ పోలేదు. కంటికి కనపడదు, అంతే. చెక్క మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, పిండిలోకి దిగినట్టు లోపలికి దిగిపోతుంది. ముడి ఎక్కడుంది, బీట ఎక్కడ దాక్కుంది, గిన్నె అడుగు ఇంకా ఎంత మందం మిగిలింది, అన్నీ చెప్పేస్తుంది. దీన్ని వింతగా చూసినవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. "అన్నా, గోడలో పైపు ఎటు తిరిగిందో కాస్త చూసిపెట్టు, ఊరికే పగలగొట్టడమెందుకు" అని పైపులు బిగించేవాడు వచ్చి తీసుకెళ్లేవాడు. అందరికీ ఆయన పదివేళ్ల మేస్త్రి.

కూతురు తనూ నాన్నలా చెక్కగిన్నెలు చేస్తానన్న రోజు ఇంట్లో పెద్ద రభసే జరిగింది. "ఈ ఇంటి తరఫున ఒక వేలు ఇచ్చాం, చాలు" అని తల్లి మొండికేసింది. కూతురు మూడు రోజులు ఏడ్చాక మెత్తబడి ఒక షరతు పెట్టింది. "సాయంత్రం లెక్కకి పదీ రావాలి. ఒక్క గాటు కనపడిందా, మర్నాడే వెళ్లి మీ పిన్ని కుట్టుషాపులో కూర్చోవాలి." కూతురు ఎగిరి గంతేసింది. ఆ పిల్లకి చెక్క తప్ప వేరే ధ్యాసే లేదు మరి.

రెండేళ్లలో చెయ్యి బాగా తిరిగింది. అయినా ప్రతి గిన్నెకీ చివర్లో "నాన్నా, ఒకసారి చూడవా" అని పిలవాల్సి వచ్చేది. ఆయన చెయ్యి ఆనించి "ఇంకో గోరుమందం దిగొచ్చు" అనేవాడు. అది ఆమెకి లోపల్లోపల గుచ్చుకునేది. అందుకే ఆ రోజు, అమ్మ పిండి కలుపుకోడానికి పెద్ద గిన్నె మొదలుపెడుతూ తేల్చి చెప్పేసింది.

"ఇది మొత్తం నేనే చేస్తా నాన్నా. నువ్వు వేలు పెట్టొద్దు."

"పెట్టనులే తల్లీ. ఆ స్టూలు మీద కూర్చోవచ్చా, దానికీ పర్మిషన్ కావాలా?"

"కూర్చో. కానీ మూలగొద్దు."

దిమ్మని బల్లకి బిగించి, గ్రైండరుకి పళ్ల డిస్కు వేసి, మధ్యలోంచి అంచులకి కొద్దికొద్దిగా తోడుకుంటూ వచ్చింది. గ్రైండరుని తొయ్యట్లేదు, దాని బరువుతో దాన్నే దిగనిస్తోంది. మేస్త్రి ఎన్నిసార్లు మొత్తుకున్న మాట అది! ఆయనకి లోపల పొంగిపోతోంది గానీ, మూలగొద్దంది కదా, నోరు మెదపలేదు.

అడుగు దగ్గర వంపు తిప్పాలి. అక్కడే, చేతికి తగలకుండా డిస్కు మీద కప్పి ఉండే గార్డు గిన్నె గోడకి తగిలి డిస్కు మూలకి చేరట్లేదు. ఆయన టీ గ్లాసు కడిగి వెనక్కి తిరిగేసరికి గార్డు ఊడదీసి బల్ల మీద పెట్టి ఉంది. గ్రైండరు తిరుగుతోంది. కూతురి ఎడమచెయ్యి పక్కపిడి వదిలేసి గిన్నె అంచుని పట్టుకుని ఉంది.

ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడేళ్ల కిందట తనూ గార్డు ఇలాగే తీసి ఇక్కడే పెట్టాడు. అరుద్దామంటే, అరిస్తే ఉలిక్కిపడుతుంది. ఆ రోజు తన చెయ్యి కదిలింది కూడా గుమ్మంలోంచి ఎవరో పలకరించినందుకే. ప్లగ్గేమో ఆమెకి అవతల ఉంది. చప్పుడు చెయ్యకుండా వచ్చి గిన్నెకి బయటివైపు ఎడమ అరచెయ్యి ఆనించాడు. వేలు లోపలికి దిగింది. డిస్కుకి సరిగ్గా ఎదురుగా రాయిలాంటి ముడి.

డిస్కు ముడికి కొట్టుకుంది. గ్రైండరు ఎగిరి తన్నింది, తిన్నగా ఆమె ఎడమచేతి మీదికి వచ్చింది. ఆయన ఏమీ ఆలోచించలేదు. వేలు అడ్డం పెట్టాడు.

ఆమె కణుపులకి వెంట్రుకవాసి దూరంలో, ఖాళీ గాలిలో, డిస్కు ఇరుక్కుపోయి గీపెట్టి ఆగిపోయింది.

రక్తం చుక్క రాలేదు. నొప్పి మాత్రం ఏడేళ్ల కిందటిదే, ఏమాత్రం అరగకుండా వచ్చింది. మేస్త్రి కూలబడిపోయాడు. కూతురు ప్లగ్గు పీకి పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా! ఎక్కడ తగిలింది?"

"ముందు నీ చేతులు చూపించు."

చూపించింది. గీత కూడా పడలేదు.

"గార్డు అడ్డొస్తోందని..." అంటూనే ఏడ్చేసింది.

"నాకూ అలాగే అడ్డొచ్చిందమ్మా" అన్నాడు. తిట్టడానికి ఆయన దగ్గర ఇంక ఓపిక లేదు.

గార్డు మళ్లీ బిగించింది. ఆ మూలని మాత్రం ఉలితో, చేత్తోనే తీసింది. చివరికి తల వంచుకుని, "నాన్నా, అడుగు ఎంతుందో చూడవా. ఇంక పంతం లేదు" అంది.

ఆయన అరచెయ్యి ఆనించాడు. ఇంకో చోట ఆనించి చూశాడు. చెక్క, చెక్కలాగే ఉంది. ఏడేళ్లుగా అలవాటైన ఆ లోపలి లోకం మూసుకుపోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకు తెలియట్లేదమ్మా. నువ్వే చూడు."

కూతురు ఆయన చేతివంక చాలాసేపు చూసింది. గిన్నెకి చెవి ఆనించి కణుపుతో చుట్టూ తట్టింది, మళ్లీ తట్టింది.

"చాలు నాన్నా. ఇంక దిగకూడదు."

"నువ్వు చాలంటే చాలు."

సాయంత్రం గుమ్మంలో తల్లి గిన్నె అందుకుని మురిసిపోయింది. లోపల తడుముతూంటే బొటనవేలు ముడి పక్కనున్న గాటు దగ్గర ఆగింది. కూతురి మొహం చూసింది. గిన్నె పక్కన పెట్టి వేళ్లు లెక్కపెట్టింది. పది. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టింది. పదే.

తర్వాత మొగుడి చెయ్యి పట్టుకుంది. బొటనవేలి పక్కన ఆవిడ చేతికి ఏమీ తగల్లేదు. అటూ ఇటూ వెతికింది.

"తొమ్మిది" అంది మెల్లగా.

ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, గిన్నె తీసుకుని లోపలికి వెళ్తూ కూతురితో అంది: "రేపట్నుంచి మీ నాన్నవి నువ్వే లెక్కపెట్టు. షెడ్డులోనే, పని ఆపగానే."