చూరు కింద బ్యాటరీ

ఉదయం దోనె ఎక్కేటప్పటికి తోమా చేతిలో ఉన్న పెట్టుబడి ఇంతే: ఒక సోలార్ ప్యానెల్, ఒక బ్యాటరీ, రెండు దీపాలు, పనిముట్ల సంచి, సాయంత్రం దాకా ఎండ. తాడేపల్లిగూడెం సోలార్ షాపులో చేరకముందు భీమడోలులో రేడియోలు బాగుచేసేవాడు. ఆ బేరాన్ని టీవీలు తినేశాయి. ఎండకు పోటీ ఉండదని ఇందులోకి దిగాడు.

కొల్లేటికోట దాటాక లంక చివర, కరెంటు స్తంభం రాని రేకుల ఇల్లు. కిటికీ లేని ఒక్క గది. నులకమంచం మీద వెంకట్రాజు. చేపల వేటలో నాని మొద్దుబారిన అరచేతులు, ఎండిన డొక్క, ఊపిరి తీస్తే సన్నగా ఈల. కాస్త కదిలితే గుక్కతిప్పుకోలేడు. ఏలూరు ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. భార్య పాపాయమ్మ మంచం కింద ఊడ్చి, బ్యాటరీకి చోటు చేసి ఉంచింది.

"ఇక్కడ పెట్టెయ్యండి బాబూ. బయటుంటే దొంగలెత్తుకుపోతారు."

"గదిలో కుదరదండీ. చార్జి ఎక్కేటప్పుడు దీన్నించి గ్యాసొస్తుంది. పడుకునేచోట, నిప్పుండేచోట పెట్టకూడదని రూలండీ. బాబాయిగారికి అసలే ఆయాసం."

వెంకట్రాజు నవ్వబోయి దగ్గాడు. "పోయేవాడికి గ్యాసేంటయ్యా! దీపం వెలిగితే చాలు. మా ముసల్దాని మొహం ఓసారి సరిగ్గా చూసుకుంటాను. ఈ గదిలో నీడే కనబడుతుంది నాకు."

"సంబడం! ఇన్నేళ్లు చూసింది చాల్లేదంట," అంది పాపాయమ్మ. అంటూనే కొంగుతో మొహం తుడుచుకుంది.

మంచం కింద అయితే గంట పని. ముందు లోపలే కలిపి, దీపం చూపించి, తర్వాత బయటికి మార్చవచ్చు. కానీ ఒకసారి లోపల పెట్టిన బ్యాటరీని మళ్లీ కదపనిచ్చిన ఇల్లు తోమాకు ఇంతవరకు తగల్లేదు. బయటే పెట్టినా ఎటూ సాయంత్రానికి అయిపోతుంది కదా అని లెక్క వేసుకున్నాడు.

గోడ ఇటుక వేలు పెడితే రాలుతోంది. దోనెలు బాగుచేసే సత్తిరాజు దగ్గరికి వెళ్లి దుంగలు, పాత దోనె చెక్క అడిగి తెచ్చాడు. గాలి ఆడే ఉత్తరం వైపు, చూరు కింద దుంగలు పాతాడు. గోడ మీద పోయిన వరద వదిలిన చారకంటే ఎత్తుగా చెక్క బిగించాడు. ప్యానెల్‌ని కొబ్బరి నీడ తగలకుండా దక్షిణానికి తిప్పాడు. స్విచ్చి పాపాయమ్మ చెయ్యి అందేలా పెట్టాలి. చేస్తుండగా పొద్దు వాలింది.

మామూలుగా ఈపాటికి బస్సు కోసం బయలుదేరాలి. పగలే పరీక్షించి వెళ్లిపోవడం అతని అలవాటు. తాను పెట్టిన దీపం చీకట్లో వెలగడం ఏ ఇంట్లోనూ చూడలేదు.

"అయ్యిందా బాబూ?" లోపలినుంచి పాపాయమ్మ.

"అయిపోతోందండీ."

కాసేపటికి మళ్లీ అడిగింది. ఆ తర్వాత అడగలేదు. తోమా తలుపు మీదుగా వైరు లాక్కుంటూ లోపలికి వచ్చాడు. ఆమె మంచం పట్టెమీద కూర్చుని భర్త చెయ్యి పట్టుకుని ఉంది. ఈల వినిపించడం లేదు.

"ఇందాకే పోయారండీ," అంది నెమ్మదిగా. "చెబితే మీరు పని ఆపేస్తారని చెప్పలేదు."

తోమా స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

"కానివ్వండి బాబూ. ఆయన చూడలేదు. ఆయన మొహం నేనైనా చూస్తాను."

తోమా రెండు తీగలూ కలిపాడు. ఆమే స్విచ్చి వేసింది. గది మూలలదాకా తెల్లబడింది. పాపాయమ్మ ఒంగి చాలాసేపు చూసింది. జుట్టు వెనక్కి దువ్వింది. తలగడ సర్దబోతే దాని కిందనించి అగ్గిపెట్టె, సగం కాల్చిన చుట్ట బయటపడ్డాయి.

"దొంగ ముసలాడా! మానేశానని ఒట్టేసి చెప్పావు కదయ్యా," అంది. అప్పుడు ఏడ్చింది.

తోమా అగ్గిపెట్టె వైపు చూశాడు, మంచం కింద ఖాళీ చోటు వైపు చూశాడు. రూలు తప్పు కాదు. ఆ మాటను లాభం కింద వేసుకోబోయాడు, మనసు ఒప్పలేదు. ఒక మనిషి సాయంత్రం దాకా ఉంటాడని తనే లెక్క కట్టాడు. ఆ రోజు మొత్తానికి మిగిలింది, తన దీపాన్ని మొదటిసారి చీకట్లో చూడటం.

పాపాయమ్మ చుట్టను పారెయ్యలేదు, తలగడ పక్కనే పెట్టింది. దాని చివర పంటిగాటు ఇంకా తడిగా మెరుస్తోంది.