చిటపట రాసిన చరణం

పాటల టీచరు క్లాసులో ఎవరు రాసుకొచ్చిన చరణాన్నీ పారెయ్యకూడదు. బాణీకి కుదరకపోతే బాణీనే మార్చుకోవాలి. మాటలే మార్చాల్సొస్తే రాసినవాళ్ళే మార్చాలి, టీచరుకైనా ఆ హక్కు లేదు. ఈ సంగతి విని లెక్కల మాస్టారు, "పిల్లలకింత పెత్తనమిస్తే నెత్తికెక్కుతారండీ" అన్నాడు. ఎక్కనీ, నెత్తి నాదే కదా అనుకుంది ఆవిడ.

ఆ ఏడాది వార్షికోత్సవానికి ఏడో తరగతి పిల్లలు తమ బడి మీద పాట కట్టారు. ఒకడు బల్లల మీద చెక్కిన పేర్ల గురించి రాశాడు. ఇంకొకతి వానొస్తే కారే మూల గురించి రాసింది. మామూలుగా నోరు మెదపదు గానీ మెదిపితే ఆవాలు పేలినట్టు మాట్లాడే పిల్ల ఒకతి ఉంది. క్లాసంతా దాన్ని చిటపట అంటారు. అందరికంటే చివర్న లేచి అది తన చరణం పాడింది.

"గడియ లేదు తలుపుకి, గుక్క నీళ్ళు తాగను
ఇంటిగంట కొట్టేదాకా ఉగ్గబట్టి కూచుంటాను."

ముందు క్లాసంతా గొల్లుమంది. ఆడపిల్లల వరసల్లో మాత్రం ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. టీచరు వేళ్ళు హార్మోనియం మీద అలాగే ఉండిపోయాయి. ఇన్నేళ్ళుగా ఇదే బళ్ళో పనిచేస్తోంది. స్టాఫ్‌ రూము పక్కన టీచర్లకి వేరే మరుగుదొడ్డి ఉంది, దానికి చక్కటి గడియ ఉంది. ఆడపిల్లల దొడ్లలోకి ఒక్కనాడైనా తొంగి చూసిందా? సిగ్గుతో చచ్చిపోయింది ఆవిడ.

"ఇది పాటలో ఉంటుంది. మాటిస్తున్నాను" అంది.

రిహార్సలు విన్న హెడ్‌మాస్టారు ఉన్నపళంగా టీచరునీ చిటపటనీ తన గదికి పిలిపించాడు. ఆయన బాధ ఆయనది. ముఖ్య అతిథిగా వస్తున్న పెద్దాయనే ఆ మరుగుదొడ్లు కట్టించాడు. గోడమీద ఆయన పేరుతో పాలరాతి పలక కూడా ఉంది. పలక బిగించడానికి దొరికిన మేకులు గడియ బిగించడానికి దొరకలేదు, అంతే.

"ఆయన కట్టించినదాన్ని ఆయన మొహం మీదే వెక్కిరిస్తారా? ఫంక్షనయ్యాక గడియ నేనే పెట్టిస్తాను. ముందా చరణం తీసెయ్యండమ్మా."

"తీసే హక్కు నాకు లేదండీ. రాసినమ్మాయిని అడగండి."

హెడ్‌మాస్టారు గొంతులో కాస్త తేనె పోసుకున్నాడు. "ఏమ్మా, 'తళతళలాడే తలుపులు మావి' అని మార్చకూడదూ?"

చిటపట పెదాలు కదుపుతూ, వేళ్ళ మీద తాళం లెక్కేసుకుంది. "తాళం సరిపోయింది సార్. కానీ అబద్ధం సార్."

పిల్లని బయటికి పంపేసి ఆయన తలుపు దగ్గరగా వేశాడు. "ఆ పిల్ల నోట ఆ ముక్క వచ్చిందో, టి.సి. రాసి చేతిలో పెడతాను. మీ పాటల పీరియడు లెక్కలకిచ్చేస్తాను. తర్వాత నన్నని లాభం లేదు."

పీరియడు పోతే పోయె. టి.సి. అలా కాదు. తన పంతానికి పరాయి పిల్ల చదువు బలిపెడుతుందా? వరండాలోకొచ్చి, "ఆ చరణం దగ్గర నువ్వు పాడకమ్మా. ఎవరూ పాడొద్దు. నేను ఉత్త హార్మోనియం వాయిస్తాను" అంది.

"మరి మాటిచ్చారు కదా టీచర్?"

పిల్ల ఏడిస్తే ఓదార్చేదే. అదేమో ఏడవకుండా, ఆవిడ వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం టీచరు తన వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తల్లికి అంతా చెప్పుకుంది. ముసలావిడ సావకాశంగా విని, "పిల్లల్ని పాడొద్దన్నాడు సరే, నిన్ను పాడొద్దన్నాడటే?" అంది.

"నా గొంతు సంగతి తెలిసే అంటున్నావా అమ్మా?"

మెడకి ఆపరేషనయ్యాక ఆవిడ నలుగురిలో పాడటం మానేసింది. వాయించి నేర్పడమే.

"నువ్వేమన్నా కచేరీ చేస్తున్నావా? నిజం చెప్పడానికి ఆ గొంతు చాలదూ?" అని తల్లి ఈనెలు చేటలోంచి దులిపేసింది.

వార్షికోత్సవం రోజు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో పెద్దాయన, వెనకంతా తల్లులూ, తండ్రులూ, చంకల్లో పసివాళ్ళూ. పాట బ్రహ్మాండంగా సాగింది. బల్లలకి నవ్వారు, కారే మూలకి చప్పట్లు కొట్టారు. చిటపట చరణం దగ్గరికొచ్చేసరికి పిల్లలందరూ చెప్పినట్టే నోళ్ళు మూసుకున్నారు. హెడ్‌మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు టీచరు నోరు తెరిచింది. గొంతు బొంగురుపోయింది, రెండుచోట్ల జీరబోయింది. అయినా గడియ లేదనీ, నీళ్ళు తాగననీ మాట మాటా స్పష్టంగా పలికింది. హెడ్‌మాస్టారు చెయ్యి ఊపాడు, మైకు ఆగిపోయింది. దాంతో ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. హార్మోనియం వదిలేసి లేచి నిలబడి, ఆ చరణమే మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకుంది.

వెనక వరసలోంచి ఎవరో తల్లి, "మా పిల్లా అంతే, ఇంటికొచ్చి చెంబుడు నీళ్ళు తాగుతుంది" అంది. పెద్దాయన హెడ్‌మాస్టారి వైపు తిరిగి చూశాడు.

హెడ్‌మాస్టారు స్టేజీ మీదికొచ్చి పళ్ళ బిగువున, "రేపట్నుంచి మీకు పీరియడు లేదు" అన్నాడు.

"తెలుసండీ. పాడింది నేనే. టి.సి. కూడా నాకే ఇవ్వండి."

ఇంతలో వరస తప్పించుకుని చిటపట ముందుకొచ్చింది. వెనక్కి పొమ్మని టీచరు కళ్ళతో బతిమాలింది, చేత్తో తోసింది. అది కదిలితే కదా.

"తప్పు పాడారు టీచర్."

"ఏంటే తప్పు?"

"'ఉగ్గబట్టి' దగ్గర దించేశారు. అక్కడ పైకి పోవాలి. నేనలా కట్టలేదు."

"పాడావంటే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు హెడ్‌మాస్టారు.

"తెలుసు సార్" అంది పిల్ల. "టీచర్, శ్రుతి ఇవ్వండి."

టీచరు ఒక్క క్షణం ఆ మొహంలోకి చూసింది. తరవాత కూచుని శ్రుతి ఇచ్చింది. చిటపట మైకు లేకుండానే అందుకుంది. హెడ్‌మాస్టారు ఏదో అరుస్తున్నాడు గానీ, 'ఉగ్గబట్టి' దగ్గర ఆ పిల్ల గొంతు పైకి లేచాక ఆయన మాట ముందు వరసకి కూడా వినిపించలేదు.