నా వంతుకొచ్చిన క్రియ

కూర అడుగంటింది. తప్పు నాది కాదు, స్పానిష్ భూతకాలానిది. వర్తమానం వరకూ గరిటె తిప్పుతూనే గడగడా అప్పజెప్పేశాను. కియెరో, కియెరెస్, కియెరె. నేను కోరుకుంటాను, నువ్వు కోరుకుంటావు, ఆమె కోరుకుంటుంది. చిక్కంతా భూతకాలంతోనే, అది ఒకటి కాదు, రెండు. ఒకసారి కోరుకుని అక్కడితో అయిపోయినదానికి ఒకటి, రోజూ కోరుకుంటూ ఉండిపోయినదానికి ఇంకొకటి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకేసరికి పొయ్యి సంగతే మరిచిపోయాను. మాడు వాసన హాల్లోకి పోయింది. ఏవో మంత్రాలు చదువుతోందని అత్తయ్య అంది. "ఆఫీసువాళ్ళ పిచ్చమ్మా, నాలుగు రోజులు పోతే అదే తగ్గుతుంది" అన్నాడు మా ఆయన. ఆ మాటలో కోపం లేదు. ఆయనకసలు కోపం రాదు. నా కష్టమల్లా అదే, కోప్పడే మనిషైతే కనీసం తిరిగి కోప్పడవచ్చు.

మా ఆఫీసు టైల్స్ ఎగుమతి చేస్తుంది. దారిలో పగిలిపోయిన టైల్స్ గురించి ఫిర్యాదులొస్తాయి. వాటికి మేనేజరు పేరుతో క్షమాపణలు టైపు చేయడం నా పని. ఏళ్ళ తరబడి, నేను చేయని తప్పులకు, నాది కాని పేరుతో చింతిస్తూ ఉన్నాను. ఈ మధ్య కొత్తగా దొరికిన పార్టీలకు స్పానిష్ తప్ప వేరే భాష రాదు. వాళ్ళతో ఫోన్లో నేరుగా మాట్లాడటానికి ఒక మనిషిని పెడతామన్నారు. ఎవరు నేర్చుకుని నోటి పరీక్షలో నెగ్గితే ఆ సీటు వాళ్ళది. కిటికీ పక్కన కుర్చీ, సొంత ఫోను, నా నోటితో నేను మాట్లాడే ఉద్యోగం. వద్దు, ఆశ పెట్టుకోకు అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అప్పటికే పెట్టేసుకున్నాను.

పాఠాలు భోజనాల వేళ, భోజనాల గదిలోనే. టీచరుకి అరవై దాటి ఉంటాయి. పొట్టి నెరిసిన జుట్టు, కాళ్ళకు పరిగెత్తేవాళ్ళు వేసుకునే బూట్లు. ఎంత పెద్ద ఉద్యోగినైనా నువ్వనే పిలుస్తుంది. ఆవిడ పద్ధతి ఏమిటంటే, మొదటిరోజే మనిషికో క్రియ పంచిపెడుతుంది. పరీక్ష దాకా ఆ క్రియ మనది, మన పేరు కూడా అదే. సన్నగా రివటలా ఉండే అకౌంటెంటుకు తినడం వచ్చింది. గోడౌన్ ఇన్‌చార్జికి నిద్రపోవడం వచ్చింది, అది మాత్రం అందరూ న్యాయమే అన్నారు. నాకు కెరేర్. కోరుకోవడం. గదంతా నవ్వింది. "మేడమ్‌కి ఇంకేం కావాలండీ, అన్నీ ఉన్నాయిగా" అన్నాడు తినడం. నేనూ నవ్వాను. పాఠం అయ్యాక తినడం, నిద్రపోవడం చేతులు తుడుచుకుని వెళ్ళిపోతారు. నేనూ, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయీ బల్లల మీది కప్పులు ఏరుతాం. మమ్మల్ని ఏరమని ఎవరూ చెప్పలేదు.

నా క్రియను నేను మోసుకు తిరిగాను. బట్టలు ఆరేస్తూ, బస్సులో నిలబడి, పాప జడ అల్లుతూ. మన భాషలో నాకు కావాలి, నీకు కావాలి, వాళ్ళకు కావాలి. ఎవరికైనా మాట ఒకటే, మనిషి మారినా అది కదలదు. స్పానిష్‌లో అలా కుదరదు. కియెరో అన్నామంటే అందులో నేను ఉన్నట్టే. వేరే చెప్పుకోనక్కర్లేదు, దాచుదామన్నా దాగదు. టీచరుకు నా మీదున్న ఒకే ఒక్క ఫిర్యాదు కూడా అక్కడే. "వరసంతా బాగానే చెబుతావు. మొదటిది మాత్రం ఎవరికీ వినపడదు. మింగేస్తావెందుకు?" అని అడిగేది. ఇంట్లో పాప పుస్తకం పట్టుకుని నాకు పరీక్ష పెట్టేది. "అమ్మా, మళ్ళీ మొదటిది తినేశావు" అని అదీ అదే మాట.

మింగడం ఎప్పుడు అలవాటైందో ఆలోచించాను. మా ఆయనకు ఒక అలవాటుంది. ఎవరైనా నన్నేదైనా అడిగితే ఆయన జవాబు చెబుతాడు. కాఫీ ఇవ్వమంటారా అని అడిగితే, "ఆవిడకి వద్దులెండి, పడదు." కొట్లో, "నీలం రంగుది చూపించండి, ఆవిడకి అదే ఇష్టం." ఒకసారి నడుం పట్టేస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎక్కడ నొప్పి అని డాక్టరు నన్నడిగాడు. "కుడిపక్కండీ" అన్నాడు మా ఆయన. నొప్పి ఎడమపక్క. ఇచ్చిన మందు ఇంటికొచ్చి ఎడమపక్కే రాసుకున్నాను, అయినా ఆ మాట ఈనాటికీ ఆయనకు చెప్పలేదు. పెళ్ళైన కొత్తలో ఇదంతా ప్రేమే అనుకుని తెగ మురిసిపోయాను. నోరు తెరవకుండానే నా మనసు తెలిసిపోతోంది, ఇంతకన్నా ఏం కావాలి అని. ఆయన దాన్ని ఇప్పటికీ ప్రేమే అనుకుంటున్నాడు.

పరీక్ష వారం ఉందనగా ఆఫీసులో విందు పెట్టారు, కుటుంబాలతో రమ్మన్నారు. మేనేజరు ప్లేటు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆ సీటుకు నేనే సరిపోతానని టీచరు చెప్పిందట. కాకపోతే సాయంత్రాలు ఇంకాస్సేపు ఉండాలి, అవతలివాళ్ళకు అప్పుడే తెల్లవారుతుంది. "మీకేమైనా ఇబ్బందా మేడమ్?" అని నా మొహంలోకే చూసి అడిగాడు. నా నోట్లో ముద్ద ఉంది.

"కుదరదులెండి సార్" అన్నాడు మా ఆయన నవ్వుతూ. "మా అమ్మకి ఒంట్లో బాగుండదు. సాయంత్రాలు ఈవిడ పక్కన లేకపోతే ఉండలేదు."

అదీ నిజమే లెండి, ఇల్లు ముందు అన్నాడు మేనేజరు. నేను ముద్ద మింగేసరికి వాళ్ళిద్దరూ కార్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. నా బతుకులో నాకు కావలసిన ఒక్క వస్తువును ప్లేట్లు పట్టుకుని నిలబడి పక్కన పెట్టేశారు, అంతే. పైగా ఆ మాట అంటున్నంతసేపూ నేను నవ్వుమొహంతోనే ఉన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తిరిగొచ్చేటప్పుడు దారిలో, "నువ్వు మొహమాటపడతావని నేనే చెప్పేశాను" అన్నాడు. నేను థాంక్స్ చెప్పాలని చూస్తున్నాడని అర్థమైంది. ఊఁ అన్నాను.

ఆ వారమంతా కాలు ఒకచోట నిలవలేదు. ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చాను. ఫ్రిజ్ తెరిచి ఎందుకు తెరిచానో తెలియక చల్లగాలికి నిలబడిపోయాను. ఇక పరీక్షతో పనేముంది, పుస్తకం అటకెక్కించెయ్ అనుకున్నాను కానీ క్రియ నన్ను వదిలితేగా. కీసె. కోరుకున్నాను, ఒకసారి, అయిపోయింది. పెళ్ళికి ముందు రేడియోలో వార్తలు చదివే ఉద్యోగానికి వెళ్ళాను. గొంతు బాగుంది, చేరమన్నారు. మా నాన్న వెళ్ళి, మా అమ్మాయికి ఇష్టం లేదండీ అని చెప్పి వచ్చాడు. కెరీయా. కోరుకుంటూ ఉండేదాన్ని. ఒక గది, లోపలినుంచి గడియ, ఎవరూ పిలవని ఒక పూట. కెర్రె, కోరుకుంటాను, రేపెప్పుడో. పాప పెద్దయ్యాక, ఆయన రిటైరయ్యాక. అక్కడినుంచి ఇంకా దిగితే కెర్రీయా, కోరుకునేదాన్నే. కిసియెరా, కోరుకుని ఉంటే గనక. ఎన్ని రకాలుగా కోరుకోకుండా ఉండవచ్చో అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. అన్నీ నాకు నోటికి వచ్చు, మొదటి గడిలో మొదటి మాట తప్ప. పళ్ళేలు తోముతూ ఏడ్చాను. ఏమైందని అత్తయ్య అడిగితే ఉల్లిపాయలన్నాను. ఆ పూట ఉల్లిపాయలే కొయ్యలేదు. ఆవిడకి ఆ సంగతి తెలుసు, అయినా ఊరుకుంది.

పరీక్షకు వెళ్ళాను. కాళ్ళే తీసుకెళ్ళాయి. భోజనాల గదే, మేనేజరు కూడా వచ్చి ఒక మూల కూర్చున్నాడు. తినడం భవిష్యత్తు దగ్గర తడబడ్డాడు. నిద్రపోవడం మొదలుపెట్టి మధ్యలో ఆవలించాడు, అందరూ నవ్వారు. "కెరేర్, లే" అంది టీచరు.

లేచాను. కియెరో అన్నాను. గోడకు తగిలి నాకే తిరిగి వినపడింది. ఆ తరవాత ఎక్కడా ఆగలేదు. వర్తమానం, రెండు భూతాలు, భవిష్యత్తు, అయితేలూ గియితేలూ అన్నీ దాటి వచ్చేశాను. టీచరు ఆఖర్న అందరినీ ఒక సొంత ప్రశ్న అడుగుతుంది. నన్నూ అడిగింది. "కే కియెరెస్? నీకేం కావాలి?"

"కియెరో ఎసె పుయెస్తో" అన్నాను.

ఏమంటోంది అని మేనేజరు టీచర్ని అడిగాడు. ఆవిడ పెన్నుకు క్యాప్ పెట్టుకుంటూ, "ఎదురుగానే ఉందిగా. ఆమెనే అడుగు" అంది.

ఆయన నావైపు తిరిగాడు. "ఆ సీటు నాకు కావాలి సార్" అన్నాను. ఈసారి మన భాషలోనే.

"కానీ మీవారు కుదరదన్నారు కదా. ఆయన్ని ఒక మాట కనుక్కుని..."

"ఆయనకి కుదరదు. ఆ సంగతి ఆయన చెప్పారు. నాకు కుదురుతుంది. ఇది నేను చెబుతున్నాను."

సోమవారం దాకా ఆలోచించుకుందాం అన్నాడాయన, కాగితాలు సర్దుకుంటూ. ఇవ్వనని మాత్రం అనలేదు. బల్లల మీద కప్పులున్నాయి. రిసెప్షన్ అమ్మాయి అలవాటుగా లేచింది. రా పోదాం అని దాని చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను. ఆ కప్పుల్ని ఎవరు తీశారో ఇంతవరకూ తెలియదు.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన ముందు నవ్వాడు, నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. నన్నొక మాట అడగాల్సింది అన్నాడు. ఆ తరవాత తన దగ్గరున్న గట్టి మాట బయటికి తీశాడు. "నా సంగతి పోనీ. అమ్మ సంగతేంటి? సాయంత్రాలు ఒక్కతీ ఎలా ఉంటుంది? నువ్వు పక్కన లేకపోతే అమ్మకి తోచదు."

అత్తయ్య ఎదురుగా సోఫాలో కూర్చుని తువ్వాళ్ళు మడత పెడుతోంది. టీవీ పెద్దగా మోగుతోంది. పగలు పక్కింటావిడ వచ్చి తోడు కూర్చుంటుంది, సాయంత్రం నేను; ఆయనా, ట్యూషన్‌కెళ్ళే పాపా ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. ఆఫీసునుంచి రాగానే టీవీ పెట్టేది నేనే. అమ్మకి సీరియల్స్ ఇష్టమని మొదట్లో ఆయన చెప్పాడు, అప్పటినుంచీ రోజూ పెడుతున్నాను. ఆమె పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతాను, మాటలు కలుపుతాను. అమ్మకి ఒంటరిగా ఉంటే భయమనీ ఆయనే చెప్పాడు. ఆమె నోటినుంచి ఆ మాట ఎప్పుడు విన్నాను? వినలేదు. డాక్టరు గదిలో కుడిపక్క అనిపించుకుని వచ్చిన మనిషిని, నేనూ ఏనాడూ ఆమెను అడగలేదు.

టీవీ ఆపి, వెళ్ళి ఆమె ముందు కింద కూర్చున్నాను. "అత్తయ్యా, సాయంత్రాలు మీకేం కావాలి?"

"అమ్మకేం కావాలి, పక్కన ఒక మనిషి" అన్నాడు మా ఆయన.

"మిమ్మల్ని అడగలేదండీ" అన్నాను, ఆయనవైపు తిరక్కుండానే.

అత్తయ్య కొడుకు మొహంలోకి చూసింది. విందులో నేను ఎలా చూసి ఉంటానో అచ్చం అలాగే, జవాబు అక్కడినుంచే రావాలన్నట్టు. ఆమె చేతిలోని తువ్వాలు మడత విప్పింది, మళ్ళీ పెట్టింది.

"నాకా?" అంది. సగం మింగేసిన గొంతు, నాకు బాగా తెలిసిన గొంతు.

"మీకే."

అప్పుడు తువ్వాలు పక్కన పెట్టి, నాతోనే అంది.

"సాయంత్రం పూట ఇంట్లో ఎవ్వరూ లేకుండా, ఒక్కదాన్నీ కాస్సేపు ఊరికే కూర్చోవాలని ఎప్పట్నుంచో ఉందే అమ్మాయ్. ఆ టీవీ కూడా లేకుండా."