మాతకు గాజులు

మా అత్త వేదవల్లికి దేవుళ్ల దగ్గర ఎక్కువ తక్కువలు లేవు. అవన్నీ మనుషుల దగ్గరే. క్రిస్మస్ దగ్గర పడిందంటే మరియమ్మకు నెలలు నిండినట్టే కదా, ఆ పిల్లకు గాజులెవరు తొడుగుతారని ఆవిడ బెంగ. ఆడిమాసంలో, అంటే ఆషాఢంలో, అమ్మవారికి సీమంతపు గాజులు తొడిగినట్టే మాతకూ తొడగాలని ఈ ఏడు ఆరు డజన్ల పచ్చగాజులు కొని, మేముండే పీలమేడు నుంచి చర్చికి నన్నూ లాక్కుపోయింది.

"ఆయమ్మ మొగుడిది ఏ ఊరు సామీ?" అని ఫాదర్‌ను అడిగింది. మొగుడి వివరం లేకుండా మా వాళ్లు గాజులు తొడగరు మరి.

ఫాదర్ ఓపికగా చెప్పాడు. ఆమె కన్యగానే గర్భం దాల్చింది. ఆ బిడ్డ దేవుడు తనంతట తాను ఇచ్చిన కానుక, అందులో మగవాడి గొప్ప ఏమీ లేదు, అదే దాని అర్థం. పెళ్లి నిశ్చయమైన జోసెఫ్ ముందు గుట్టుగా వదిలేద్దామనుకున్నాడు. దేవుడి మాట విన్నాక ఇంటికి తెచ్చుకున్నాడు.

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎంత పెద్ద మనసు సామీ ఆయనది" అంది.

ఇంటికొస్తే వాకిట్లో కారు సిద్ధంగా ఉంది. నా కూతురు మధుమితకు మూడో నెల. పెళ్లి కాలేదు. వాడెవడో చెప్పదు, బిడ్డను మాత్రం పెంచుకుంటానంటుంది. తిరుప్పూరులో తన చెల్లెలింట్లో దాచి, కాన్పు కాగానే బిడ్డను ఎవరికో ఇచ్చేయాలని అత్త తీర్మానం. పెట్టె సర్దింది నేనే. అంత వీరనారిని.

"ఎక్కు" అంది అత్త.

మధు కదల్లేదు. "అవ్వా, ఆ జోసెఫ్ తెచ్చుకున్నాడు కదా, నువ్వేమిటికి తోలేస్తుండావు?"

"ఆయన ఆసారి, వడ్లాయన. కొయ్యపని చేసుకునేటోడికి పోయే మానమేముండాది? మనకు రెండు మిల్లులుండాయి."

ఇరవై ఆరేళ్లుగా ఆ ఇంట్లో నోరెత్తని నాకు ఒళ్లు మండిపోయింది.

"అందుకే అత్తా, దేవుడు మిల్లులుండే ఇంటి పక్కకే రాలేదు. ఆసారి ఇల్లు వెతుక్కోని పోయినాడు" అన్నాను.

అత్త నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. కారు డిక్కీ తెరిచి, సర్దిన చేతులతోనే పెట్టె దించాను. మధు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, మూడు నెలలు ఆలస్యంగా.