నొప్పి మస్కట్‌లో ఉంది

పొద్దున పెనం మీద రొట్టె పడిందో లేదో, ఖానాపూర్‌లోని భూమవ్వ ఇంట్లో కోడలు అమూల్య ఫోన్ మోగేది. మస్కట్‌లో సెంట్రింగ్ పని చేసే విజయేందర్, క్యాంపు బస్సు ఎక్కేముందు పెళ్లానికీ తల్లికీ మొహం చూపించాల్సిందే. ఆ నెల మాత్రం మొహం కన్నా వీపే ఎక్కువ కనిపించింది. మాట మధ్యలో లేచి వెళ్లి కక్కి వచ్చేవాడు.

వేవిళ్లు అతనివే. ఆ ఇంట్లో అంతే, కడుపు ఆడవాళ్లు మోస్తారు, బాధ మగవాళ్లు పడతారు. విజయేందర్ పుట్టినప్పుడు వాళ్ల బాపు హనుమండ్లు వాకిట్లో పొర్లి పొర్లి ఏడుస్తుంటే, భూమవ్వ లోపల మంత్రసానితో ముచ్చట్లు పెడుతూ కన్నది. పథ్యం హనుమండ్లుకే పెట్టమని ఊరివాళ్లు ఆటపట్టించారు గానీ, వింతపడ్డవాళ్లు లేరు. సెలవు మీద వచ్చి వెళ్లిన విజయేందర్‌కు పెరుగు వాసన పడకపోవడంతోనే అమూల్య నీళ్లోసుకుందని తేలిపోయింది. మందుల షాపు నుంచి కిట్టు తెచ్చి చూసుకున్నది ఆ తర్వాతే, అదీ మర్యాదకు.

అమూల్యకు ఆరాలెక్కువ. "ఇయ్యాల పులుపు తినబుద్ధైతుందా? ఏం వాసన పడ్తలేదు?" అని రోజూ అడిగేది. తన కడుపు సంగతులు తనకు మస్కట్ నుంచి తెలియాలి మరి.

ఆ రోజు విజయేందర్ లేచి వెళ్లలేదు. మొహం పీక్కుపోయి, కుడి పక్కన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"గ్యాసే," అన్నాడు. "నిన్నటి సంది నొస్తుంది. గా మెస్సు తిండి."

"జిలకర నీళ్లు తాగు బిడ్డా," అని భూమవ్వ పొయ్యి దగ్గరి నుంచే వైద్యం చెప్పేసింది.

ఆ పొద్దున అమూల్య నిద్ర లేచినప్పుడు లంగాకు చిన్న మరక కనిపించింది, ముదురు రంగుది. ఫోన్ పెట్టేశాక అత్తకు చెప్పింది.

"వేడి చేసింది. సబ్జా నీళ్లు తాగి పండుకో," అంది భూమవ్వ. "నొస్తుందా?"

"నొస్తలేదత్తమ్మా."

"నొప్పి లేంది ఫికరెందుకు?"

భూమవ్వకు లోపల భయం లేకపోలేదు. కానీ ఆ ఇంట్లో వేవిళ్లూ పురిటి నొప్పులూ మగవాళ్లకు పోవడమే చూశారు. మధ్యలో వచ్చే నొప్పి సంగతి ఎవరికీ అనుభవం లేదు. అమూల్య సబ్జా గ్లాసు పట్టుకుని ఆలోచించింది. ఆ మెస్సులో తినేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కదా? మళ్లీ ఫోన్ కలిపింది.

"నీ రూముల ఇంకెవ్వరికన్న నొస్తుందా?"

"లేదు. నాకొక్కనికే."

"గా నొప్పి నీదేనా?"

జవాబు కోసం ఆగకుండా అమూల్య గ్లాసు కింద పెట్టి, రెండిళ్ల అవతలున్న ఆశా వర్కర్ సరోజనను పిలుచుకొచ్చింది.

సరోజన మంచం మీద కూర్చుని ముందు అమూల్యను అడిగింది. ఎర్రగా పోతుందా, గడ్డలు పడుతున్నాయా, ప్యాడ్ నిండుతుందా? అవేవీ లేవు, ఉన్నది మరకే.

"మరక కనవడంగనే కడుపు పోయినట్టు కాదు బిడ్డా. చానామందికి గిట్లయి ఆగుతది, కాన్పు మంచిగైతది. పోయేదైతే ఎక్కువ మట్టుకు నెత్తురు పెరుగుతది, పొత్తికడుపు, నడుము గుంజుతయి. ఏదైన డాక్టర్ చూసి చెప్పాలె, మనం ఇంట్ల కూసోని అనుకునుడు కాదు. నొప్పెట్లున్నది?"

"ఆయననడగాలె అక్కా."

"మరియ్యి ఫోను."

సరోజన కళ్లద్దాలు సర్దుకుని, మస్కట్‌లో ఉన్న మనిషికి పరీక్ష మొదలుపెట్టింది.

"తమ్మీ, కడుపంత నొస్తుందా, ఒక్క పక్కనేనా?"

"కుడి పక్కనే అక్కా. నిలవడనిస్తలేదు."

"భుజం?"

"నీకెట్ల తెలుసు? భుజం కొస పొద్దటి సంది గుంజుతుంది. బరువేం ఎత్తలే."

"కండ్లు తిరుగుతున్నయా?"

"ఇప్పుడే సూపర్‌వైజర్ నీడకు కూసోవెట్టిండు."

సరోజన ఆ ఫోన్ భూమవ్వ చేతిలో పెట్టి, తన ఫోన్‌తో 108కి చేసింది. "పిండం సంచిల గాకుండ పక్క గొట్టంల పడ్డదని నా అనుమానం," అంది. "అది పగిలితే నెత్తురు లోపలనే పోతది, బయటికి మరకే కనవడ్తది. పాణం మీదికొస్తది. ఇగ ఆమెకేం తాగియ్యకు."

"నాకేం నొస్తలేదక్కా, నడిచే వస్త," అని లేచిన అమూల్య, గడప దగ్గర తెల్లగా పాలిపోయి కూలబడింది.

నిర్మల్ దవాఖానలో డాక్టరమ్మ నొప్పి ఎప్పటి నుంచని అడిగితే భూమవ్వ ఫోన్ అందించింది. డాక్టరమ్మ విజయేందర్‌నే అడిగి రాసుకుంది. స్కాన్‌లో సరోజన అనుమానమే నిజమైంది. గొట్టం అప్పటికే చిట్లింది, పిండం ఎలాగూ నిలవదని, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి కూడా దక్కేది కాదని చెప్పి, వెంటనే ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. "నొప్పి లేదని పండుకోవెడ్తుంటి గదనే," అని భూమవ్వ సరోజన భుజం పట్టుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున భూమవ్వ ఫోన్‌ను కోడలి చెవి దగ్గర పెట్టింది.

"అమూల్యా, నాకిప్పుడేం నొస్తలేదు," అన్నాడు విజయేందర్. "అందరితోని కూసోని తిన్న. తిన్నదంత ఇమిడింది." ఆ మాట అన్నాక ఇక ఆగలేక వెక్కి వెక్కి ఏడ్చాడు. అమూల్య బతికినందుకు కొంత, తిన్నది ఇమిడినందుకు కొంత.

అమూల్య కుట్ల మీద చెయ్యి వేసుకుంది. అవి సలుపుతున్నాయి. ఈ కడుపు తాలూకు నొప్పి ఆమెకు తెలియడం అదే మొదలు.

"నాకు నొస్తుంది," అంది.

"నాకియ్యి. నాకలవాటే."

"ఇయ్య," అంది అమూల్య. "గిదొక్కటన్న నాకుండనియ్యి."